బడికి వచ్చే గ్రాంటులో సైన్సు, లెక్కల పాలెంత?

కోలారు, బంగారుపేట, ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు ఊళ్లలోనైనా, సరిహద్దు దాటి కుప్పం, పలమనేరు, పుంగనూరు వైపు ఊళ్లలోనైనా, బడిలో సమావేశం జరిగిందంటే వెనక వరుసలోంచి ఎవరో ఒక పెద్దాయన లేచి అడిగే ప్రశ్న ఒకటుంది. "అయివారూ, బడికి సర్కారు దుడ్డు వస్తుందంట గదా, అదంతా ఏమవుతా ఉంది?" అని. చాలామంది ఉపాధ్యాయులకు ఈ ప్రశ్న రుచించదు. నాకు మాత్రం ఇది అడగవలసిన ప్రశ్నే అనిపిస్తుంది. ఇంకొక అడుగు ముందుకు వేసి, "అందులో మా పిల్లల సైన్సుకూ లెక్కలకూ ఎంత పెట్టినారు?" అని కూడా అడిగితే మరీ సంతోషిస్తాను. ఈ రోజు ప్రసంగం ఆ రెండో ప్రశ్న గురించే.

మధ్యలో కొన్ని అంకెలు వస్తాయి. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. లేదంటే ఇంట్లో చదువుకునే పిల్లవాణ్ణి పిలిచి రాయించండి. వాడికీ ఈ లెక్కలు పనికొస్తాయి.

మొదట గ్రాంటు సంగతి. కన్నడంలో దీన్ని 'శాలా అనుదాన' అంటారు, మీరు విని ఉంటారు. 2018లో కేంద్ర ప్రభుత్వం సమగ్ర శిక్ష అనే పథకం మొదలుపెట్టింది. మన రాష్ట్రాల్లో దాని ఖర్చును కేంద్రం 60 పాళ్లు, రాష్ట్రం 40 పాళ్లు భరిస్తాయి. ఆ పథకం కింద ప్రభుత్వ పాఠశాలకు ఏటా ఒక మొత్తం కేటాయిస్తారు. దాని పేరు సంయుక్త పాఠశాల గ్రాంటు. ఎంత అన్నది బడిలో నమోదైన పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. రాసుకోండి. 30 మంది వరకు పిల్లలున్న బడికి 10,000 రూపాయలు. 31 మంది నుంచి 100 మంది దాకా 25,000. 101 నుంచి 250 దాకా 50,000. 251 నుంచి వెయ్యి దాకా 75,000. వెయ్యి దాటితే లక్ష రూపాయలు. ఇవి గరిష్ఠ మొత్తాలు, ఇంతవరకు ఇవ్వవచ్చునని నియమం.

ఇప్పుడు చిన్న భాగహారం చేద్దాం. 31 మంది పిల్లలున్న బడికి 25,000 వస్తే తలకు 806 రూపాయలు. అదే 25,000 సరిగ్గా 100 మంది ఉన్న బడికి వస్తే తలకు 250. అక్కడ ఇంకొక్క పిల్లవాడు చేరి 101 మంది అయితే మొత్తం 50,000 అవుతుంది, తలకు 495. ఒక్క పిల్లవాడు వచ్చి కూర్చుంటే పక్కవాడి పాలు దాదాపు రెట్టింపు! ఏడో తరగతిలో భాగహారానికి ఇంతకన్నా మంచి లెక్క నాకు దొరకలేదు. పిల్లలు తమ బడి సంఖ్యతో, పక్క ఊరి బడి సంఖ్యతో చేసి చూస్తారు. కొందరు, "అయితే సార్, మా చెల్లెల్ని ఇక్కడే చేర్పిస్తే?" అని అడుగుతారు కూడా.

ఈ మొత్తంలో కనీసం పదో వంతు పరిశుభ్రతకు ఖర్చు పెట్టాలని నియమం. 90 మంది పిల్లలున్న బడిని తీసుకోండి. 25,000లో పదో వంతు 2,500 పోతే మిగిలేది 22,500. తలకు 250, నెలకు 1,875. సుద్దముక్కలు, రిజిస్టర్లు, పరీక్ష కాగితాలు, విరిగిన కిటికీ తలుపు, కారుతున్న కొళాయి, సున్నం, జెండా పండుగ, అన్నీ ఇందులోంచే. బడి బాగోగులకు ఇవన్నీ కావాలి, కాదనను. అయితే ఈ వరుసలో సైన్సు సామాను ఎప్పుడూ చివర నిలబడుతుంది. కొళాయి కారితే అందరికీ కనబడుతుంది. ఎనిమిదో తరగతి పిల్ల విద్యుత్ వలయం పాఠాన్ని ఒక్క బల్బు కూడా వెలిగించకుండా ముగించిందంటే అది ఎవరి కంటా పడదు.

ఇక్కడ కర్ణాటక శ్రోతలకు ఒక మాట. 2023 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలలకు కరెంటు, నీరు ఉచితమని ప్రకటించింది. అంతకు ముందు కరెంటు బిల్లు ఈ గ్రాంటును కొరుక్కు తినేది. మీ బడిలో ఆ భారం తగ్గి ఉంటే, తగ్గిన మేర ఎటు మళ్లిందో అడగడానికి మీకు మంచి అవకాశం ఉంది.

సైన్సుకు ఈ గతి ఎందుకు పట్టిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. చదువుకు సర్కారు సాయం మన ప్రాంతానికి కొత్త కాదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ముద్దేనహళ్లి 2007లో చిక్కబళ్లాపురం జిల్లా ఏర్పడేదాకా మన కోలారు జిల్లాలోనిదే. పూర్వీకులు ఆంధ్రదేశపు మోక్షగుండం నుంచి వచ్చినవారని ఇంటిపేరే చెబుతుంది. బెంగళూరులో పిల్లలకు పాఠాలు చెప్పి ఆ సంపాదనతో తాను చదువుకున్న ఆ కుర్రవాడు, 1881లో బి.ఏ. అయ్యాక, మైసూరు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో పూనాకు వెళ్లి ఇంజనీరింగు చదివాడు. ఆ డబ్బే లేకపోతే కన్నంబాడి కట్ట దగ్గర మనం ఏ ఇంజనీరు పేరు తలుచుకునేవాళ్లమో! ఆయనే దివానుగా ఉండగా, 1913లో, మైసూరు సంస్థానంలో ప్రాథమిక విద్యకు చట్టం వచ్చింది.

అది పాత కథ. మా తరం చూసింది 1987 నాటి 'ఆపరేషన్ బ్లాక్‌బోర్డు'. ఏ ప్రాథమిక పాఠశాలకైనా కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, కొంత బోధన సామగ్రి ఉండాలని ఆ పథకం. ఆ సామగ్రిలో సైన్సు పెట్టె, గణితం పెట్టె, చిన్న పనిముట్ల పెట్టె, గ్లోబు ఉండేవి. పెట్టెలు దేశంలో చాలా ఊళ్లకు చేరాయి. చేరి బీరువాల్లోకి వెళ్లాయి. నేను చదివిన బడిలోనూ అలాంటి బీరువా ఒకటి ఉండేది. అద్దం తలుపులోంచి త్రిభుజాకారపు గాజు పట్టకం కనబడేది. దాన్ని ఎండలో పెడితే ఏడు రంగులు వస్తాయని పుస్తకంలో చదివాం, పరీక్షలో రాశాం, మార్కులూ వచ్చాయి. పట్టకం మాత్రం బయటికి రాలేదు.

తర్వాత 1994లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం, డి.పి.ఇ.పి., వచ్చింది. కర్ణాటకలో మొదటి విడతకు ఎన్నికైన నాలుగు జిల్లాలు బెళగావి, మండ్య, రాయచూరు, మన కోలారు. ఆ పథకంలో నాకు నచ్చిన అంశం ఒకటుంది. బడికి ఏడాదికి 2,000 రూపాయలు ఇవ్వడంతో పాటు, ప్రతి ఉపాధ్యాయుడికీ ఏడాదికి 500 రూపాయలు విడిగా, బోధన సామగ్రి తయారు చేసుకోవడానికి ఇచ్చేవారు. మొత్తం చిన్నదే. కానీ ఎవరినీ అడిగే పని లేదు. చింతగింజలు, పూసలు, అట్టముక్కలు, రంగు కాగితాలు, దారం, జిగురు, ఒక కత్తెర కొనుక్కుంటే ఒకటి నుంచి ఐదు తరగతుల లెక్కలకు చాలా దూరం వస్తాయి. 2001లో వచ్చిన సర్వ శిక్షా అభియాన్‌లో కూడా ఈ 500 కొనసాగింది.

ఉన్నత పాఠశాలలకు 2009లో రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్ వచ్చింది. అందులో బడికి ఏటా 50,000. ఆ 50,000ను మూడుగా విడగొట్టారు: నీళ్లు, కరెంటు, టెలిఫోనుకు 15,000, పుస్తకాలు, పత్రికలకు 10,000, ప్రయోగశాల సామాను కొనడానికి, బాగు చేయించడానికి, రసాయనాలకు 25,000. అంటే సరిగ్గా సగం ప్రయోగశాలకు. కాగితం మీద గీత గీసి ఇచ్చారు. ఆ గీత దాటి ఖర్చు పెడితే ఆడిటరు అడుగుతాడు.

2018లో ఈ వేర్వేరు గ్రాంట్లను కలిపి ఒకటే సంయుక్త గ్రాంటు చేశారు. బడికి ఏది అవసరమో బడే నిర్ణయించుకోవాలని ఉద్దేశం, మంచి ఉద్దేశమే. గ్రంథాలయానికి, ఆటలకు ఇప్పటికీ విడి గ్రాంట్లున్నాయి. ప్రాథమిక పాఠశాల గ్రంథాలయానికి 5,000, ఆటల సామానుకు 5,000 వరకు. కానీ సంయుక్త గ్రాంటులో ప్రయోగశాలకంటూ ఉండిన గీత చెరిగిపోయింది. పరిశుభ్రతకు పదో వంతు అని గీత ఉంది గనుక అది జరుగుతుంది. సైన్సుకు గీత లేదు గనుక ఎవరైనా అడిగితేనే జరుగుతుంది. నేను ఇంతసేపు వెనకటి పథకాలు చెప్పింది ఈ ఒక్క మాట కోసమే.

మరి సైన్సుకూ లెక్కలకూ సామాను అంత అవసరమా, పుస్తకం చాలదా అని అడగవచ్చు. ఇతర చోట్ల సంగతి ఎలా ఉన్నా, మన సరిహద్దు పిల్లలకు చాలదు. కారణం భాష.

మన పిల్లవాడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు. వీధిలో కన్నడం, బంగారు గనుల ఊరైతే తమిళం కూడా. బడిలో పుస్తకం కన్నడంలో ఉంటుంది, లేదా ఈ మధ్య ఇంగ్లీషులో. ఆమ్లం, సాంద్రత, అయస్కాంతం లాంటి మాటలు రెండు భాషల్లోనూ దాదాపు ఒకటే, ఇబ్బంది లేదు. కానీ తెలుగులో వ్యాసార్థం అన్నది కన్నడంలో 'త్రిజ్య'. తెలుగులో క్షారం, కన్నడంలో 'ప్రత్యామ్ల'. ఆకు తన ఆహారం తాను చేసుకోవడాన్ని తెలుగు పుస్తకం కిరణజన్య సంయోగక్రియ అంటే, కన్నడ పుస్తకం 'ద్యుతిసంశ్లేషణె' అంటుంది. నోరు తిరగడంలో రెండూ రెండే, ఆ విషయంలో సమన్యాయం పాటించారు. కుప్పంలో చదివిన పిల్ల కోలారులో మేనమామ ఇంటికి వచ్చి చేరితే, లేదా ఇక్కడి పిల్లవాడు అక్కడికి వెళితే, తెలిసిన పాఠమే తెలియనిది అవుతుంది.

ఇంకొక మాట చూడండి. తెలుగులో కటకం అంటాం, కన్నడంలో 'మసూర' అంటారు. మసూర అంటే ఎర్రపప్పు, మసూర్ పప్పు. గాజు బిళ్ల మధ్యలో ఉబ్బి అంచుల్లో సన్నగా పప్పుబద్ద ఆకారంలో ఉంటుంది గనుక ఆ పేరు. ఇంగ్లీషులో లెన్సు అనే మాట కూడా లాటిన్‌లో అదే పప్పు పేరే. ఈ మాట పిల్లలకు ఊరికే చెబితే ఒక చెవిలోంచి ఇంకో చెవిలోకి పోతుంది. చేతిలో భూతద్దం పెట్టి, పక్కన నాలుగు పప్పుగింజలు పెట్టి చెప్పండి. ఎండలో కాగితం మీద వెలుగు చుక్క పడి, పొగ రేగేసరికి, కటకమైనా మసూరమైనా లెన్సయినా వాడికి ఒకటే వస్తువు. ఆ తర్వాత మాట ఏ భాషలో ఉన్నా తగిలించుకోవడానికి కొక్కెం ఉంటుంది. ఒక భూతద్దం ధర వందల్లోనే ఉంటుంది, వేలల్లో కాదు.

భిన్నాలూ అంతే. మూడో తరగతిలో అర, పావు అనే మాటలు ఇంట్లోంచే వస్తాయి. పావులో సగం అనగానే తడబడతారు. అట్టతో కోసిన గుండ్రని ముక్కలు చేతికిస్తే పావు మీద రెండు ముక్కలు పేర్చి చూసి తామే చెబుతారు. కర్ణాటకలో 'గణిత కలికా ఆందోలన' పేరుతో నాలుగు, ఐదు తరగతులకు ఇచ్చిన గణితం పెట్టెలో ఇలాంటి సామానే ఉంది. మీ ఊరి బడిలో ఆ పెట్టె ఉండవచ్చు. తెరిచి ఉందా లేదా అన్నది మీరు చూడవలసింది.

తెరవకపోవడానికి కారణం సోమరితనమే అనుకోకండి. భయం కూడా ఉంది. బడి సామాను అంతా స్టాకు రిజిస్టరులో ఎక్కుతుంది. గాజు బీకరు పగిలితే, రిజిస్టరులో ఉన్నది బీరువాలో లేకపోతే, బదిలీ అయి వెళ్లేనాడు ఆ లెక్క ఉపాధ్యాయుడి మెడకు చుట్టుకుంటుంది. తాళం వేస్తే బీకరు క్షేమం, అయ్యవారూ క్షేమం. పిల్లవాడి చేతిలో పగిలిన గాజును, ఖర్చయిపోయిన రసాయనాన్ని కమిటీ ముందు పెట్టి, ఇది వాడకంలో పోయిందని తీర్మానం రాసి రిజిస్టరులో తీసివేసే పద్ధతి ఉంది. కమిటీలో ఉన్న తల్లిదండ్రులు మొదటి సమావేశంలోనే, "వాడకంలో పగిలితే మేము సంతకం చేస్తాం, వాడండి సార్" అని ఒక మాట అంటే, గ్రాంటులో ఒక్క రూపాయి పెరగకుండానే సగం బీరువాలు తెరుచుకుంటాయి.

ఏమి కొనాలి? ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. రంగురంగుల ప్లాస్టిక్ పటాలు గోడకు కొట్టడానికి డబ్బు పెట్టవద్దు; గుండె బొమ్మ పుస్తకంలోనే ఉంది. పిల్లల చేతిలోకి వెళ్లేవి కొనాలి. అవీ ఒక్కొక్కటి కాకుండా, నలుగురికి ఒకటి చొప్పున రావాలి. 40 మందికి ఒక్క అయస్కాంతం కొంటే 39 మంది చూస్తూ కూర్చుంటారు. చిన్న అయస్కాంతాలు పది, భూతద్దాలు పది, టార్చి సెల్లులు, చిన్న బల్బులు, తీగ, స్ప్రింగు తక్కెడ రెండు మూడు, థర్మామీటరు, కొలజాడి, లిట్మస్ కాగితం, మీటరు టేపు. 90 మంది బడికి మిగిలే 22,500లో ఐదో వంతు 4,500. ఈ పట్టికలో మొదటి ఏడాది కొన్ని, రెండో ఏడాది కొన్ని కొన్నా, మూడేళ్లకు బడిలో మంచి పెట్టె తయారవుతుంది.

తర్వాత వాటితో మన ఊరి సంగతులే కొలవాలి. కోలారు మార్కెట్టులో టమోటా పెట్టె 15 కిలోలని లెక్క. స్ప్రింగు తక్కెడ తీసుకుని పిల్లలు ఇంటి దగ్గర పెట్టెలు తూచి రానివ్వండి. ఖాళీ పెట్టె బరువు తీశారా, కలిపారా? పది పెట్టెల సగటెంత? కుళ్లినవి ఎన్నో వంతు? సగటు, శాతం, భిన్నం, మూడు పాఠాలు ఒక్క సాయంత్రంలో అయిపోతాయి. తండ్రి కూడా పక్కన నిలబడి వింటాడు, ఎందుకంటే అది ఆయన డబ్బు.

అంతకన్నా ముఖ్యమైనది నీళ్లు. మన జిల్లాలో బోర్లు వెయ్యి అడుగులు దాటి పోయాయి, చాలాచోట్ల ఆ నీళ్లలో ఫ్లోరైడు ఉంది. తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకే ఉండాలని మన దేశపు ప్రమాణం. వేరే నీరు దొరకనిచోట ఒకటిన్నర దాకా ఒప్పుకుంటారు. అది దాటిన నీళ్లు చిన్నప్పటి నుంచి తాగితే పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు పడతాయి, ఎక్కువ కాలమైతే ఎముకలూ కీళ్లూ దెబ్బతింటాయి. పిల్లలు ఆ మచ్చలు అద్దంలో చూస్తున్నవాళ్లే. నీటి నమూనాలో మందు చుక్కలు వేసి, మారిన రంగును అట్ట మీది రంగులతో పోల్చి చూసే చిన్న పరీక్ష పెట్టె ఉంటుంది. దాన్ని కొననక్కరలేదు కూడా. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద గ్రామ పంచాయతీలకు ఇలాంటి పెట్టెలు ఇచ్చారు, ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు పరీక్ష చేయడం నేర్పాలని పెట్టారు. ఆ అక్కను ఒక రోజు బడికి పిలవండి. మందులో ఆమ్లం ఉంటుంది కాబట్టి చుక్కలు పెద్దవాళ్లే వేయాలి. రంగు చూడడం, రాయడం, ఊళ్లో ఏ బోరు ఎంత అని గ్రాఫు గీయడం పిల్లల పని. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి మన చెరువుల్లోకి వదులుతున్నారు. ఆ చెరువుల పక్కన బోర్లలో నీటిమట్టం ఎలా మారిందో ఇంటింటా అడిగి రాసుకురమ్మంటే, అదే ఇంకొక పాఠం. ఇలాంటి పాఠం చదివిన పిల్ల ఇంటికి వెళ్లి, "అమ్మా, ఆ కొళాయి నీళ్లు తాగొద్దు, ఈ కొళాయివి పట్టు" అని చెబుతుంది.

ఖర్చు లేని పాఠాలూ ఉన్నాయి. బంగారు గనుల ఊరి పిల్లలకు ఇది చెప్పండి. 2001 ఫిబ్రవరి 28న మూతబడిన ఆ గనులు 3 కిలోమీటర్ల లోతు దాటి వెళ్లాయి. అడుగున రాయి వేడి 60 డిగ్రీలు దాటేది. పైన 25 డిగ్రీలనుకుంటే కిలోమీటరుకు సుమారు ఎన్ని డిగ్రీలు పెరిగినట్టు? 35ను 3తో భాగిస్తే దాదాపు 12. తాతలు దిగి పనిచేసిన చోటు కాబట్టి ఈ లెక్కను పిల్లలు మరిచిపోరు. అదే గనిలో, 1965లో, సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, టాటా మౌలిక పరిశోధన సంస్థ, జపాను ఒసాకా, ఇంగ్లండు డర్హం విశ్వవిద్యాలయాల శాస్త్రజ్ఞులు కలిసి, వాతావరణంలో పుట్టే న్యూట్రినో అనే అతి సూక్ష్మ కణాల జాడ పట్టారు. ప్రపంచంలో ఆ జాడ మొదటిసారి దొరికింది ఆ ఏడాదే, ఇక్కడా, దక్షిణాఫ్రికాలోని ఒక బంగారు గనిలోనూ. అంత లోతుకు ఎందుకు దిగారంటే, ఆకాశం నుంచి వచ్చే మిగతా కణాలను పైనున్న రాయి జల్లెడలా ఆపేస్తుంది, న్యూట్రినో ఒక్కటే దూరి వస్తుంది. మన కాళ్ల కింద ఇంత జరిగింది. మీద బడిలో చదివే పిల్లవాడికి ఒక సెల్లు, ఒక బల్బు, మూరెడు తీగ లేకపోవడం నాకు సహించరానిదిగా తోస్తుంది.

గ్రాంటు కాకుండా ఇంకా కొన్ని దారులున్నాయి, త్వరగా చెబుతాను. ఇన్‌స్పైర్ మానక్ అని కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ పథకం ఉంది. ఆరో తరగతి నుంచి పిల్లలు తమ సొంత ఆలోచన ఒకటి రాసి బడి ద్వారా పంపితే, ఎన్నికైనవారికి నమూనా తయారు చేయడానికి 10,000 రూపాయలు వారి ఖాతాలోనే పడతాయి. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబు అయితే పెద్దది, ఎన్నికైన బడికి ఐదేళ్లలో 20 లక్షల వరకు. మన చిన్న బడులకు అందేది కాదు, తాలూకా కేంద్రంలో ఎక్కడైనా ఉంటే పిల్లల్ని తీసుకెళ్లి చూపించవచ్చు. ఎనిమిదో తరగతి పిల్లలకు జాతీయ ప్రతిభా ఉపకార వేతన పరీక్ష ఉంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో చదివే, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించని పిల్లలు రాయవచ్చు. గెలిస్తే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000. ఆ పరీక్షలో సైన్సు, లెక్కలు కూడా ఉంటాయి. ఇక కుప్పం దగ్గర గుడివంకలో అగస్త్య ఫౌండేషన్‌వారి 172 ఎకరాల సైన్సు ప్రాంగణం ఉంది. 1999లో మొదలైన ఆ సంస్థ దాతల సాయంతో సైన్సు వ్యాన్లు నడుపుతుంది. వ్యాను వచ్చిన రోజు బడి పండుగలా ఉంటుంది, నిజమే. సాయంత్రానికి వ్యాను వెళ్లిపోతుంది. మరునాడు పిల్లలు "ఇంకోసారి చేద్దాం సార్" అన్నప్పుడు చేతిలో ఉండేది గ్రాంటుతో కొన్నదే.

ఇప్పుడు ఎలా అడగాలో చెబుతాను. కర్ణాటకలో ప్రతి ప్రభుత్వ బడికీ ఎస్.డి.ఎమ్.సి. అనే కమిటీ 2001 నుంచి ఉంది. ఆంధ్రలో దాన్ని పాఠశాల యాజమాన్య కమిటీ అంటారు. 2010లో అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఎనిమిది దాకా ఉన్న ప్రభుత్వ బడుల్లో ఈ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. అధ్యక్షులు మీలో ఒకరు, హెడ్‌మాస్టరు కార్యదర్శి. గ్రాంటు ఖర్చును పరిశీలించడం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం కమిటీ బాధ్యతలని చట్టంలోనే ఉంది. ప్రణాళికను ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే, అంటే డిసెంబరు లోపల, సిద్ధం చేయాలి. మార్చిలో హడావిడిగా బిల్లులు రాసేటప్పుడు వెళ్లి అడిగితే ఫలితం ఉండదు. అప్పటికి దుకాణంలో దొరికింది కొనేస్తారు.

కాబట్టి దసరా సెలవులు అయ్యాక జరిగే సమావేశానికి వెళ్లండి. అమ్మలు తప్పకుండా వెళ్లండి. తెలుగులోనే మాట్లాడండి, మన బడుల్లో అర్థం కానివారు ఉండరు. తీర్మానం కన్నడంలో రాస్తారు, సంతకానికి ముందు చదివి వినిపించమనండి. ప్రణాళికలో 'సైన్సు, గణితం సామగ్రి' అని ఒక వరుస, దాని ఎదురుగా ఒక అంకె రాయించండి. అంకె ఎంతన్నది మీరూ ఉపాధ్యాయులూ కూర్చుని తేల్చుకోండి. 4,500 అని నేను చెప్పింది ఒక ఉదాహరణ మాత్రమే. ఏమి కొనాలో పట్టిక రాసే పని సైన్సు, లెక్కల ఉపాధ్యాయులకు వదలండి, కొన్నాక స్టాకు రిజిస్టరు చూపించమనండి. పగిలినవాటికి సంతకం పెడతామన్న మాట మరిచిపోకండి. ఇంటికి వచ్చేముందు బీరువా ఉన్న గదిలోకి ఒకసారి వెళ్లి, తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కోండి.